మాట వినకపోవడం కూడా నేర్పిన డొరతీ

కుక్కకి ట్రైనింగ్ అనగానే మనకి ముందుగా గుర్తొచ్చేవేమిటి? మెడకో గొలుసు, చేతిలో ఓ కర్ర, వీధి చివరిదాకా వినపడే అరుపు. కూర్చోమంటే కూర్చోవాలి, పొమ్మంటే పోవాలి. ఎంత భయపడితే అంత బాగా నేర్చుకున్నట్టు! మన ఇళ్ళల్లో చాలామంది పిల్లల పెంపకం కూడా ఒకప్పుడు ఇలాగే సాగింది కాబట్టి, కుక్క విషయంలో ఇంకో దారి ఉంటుందని ఎవరికీ తోచదు.

అలాంటిది, ఇంచుమించు వందేళ్ళ కిందట ఒకావిడ కుక్కలకి మాట వినడంతోబాటు మాట వినకపోవడం కూడా నేర్పించే స్కూలు పెట్టింది. యజమాని నడవమన్నా సరే, నడవకూడని చోట మొండికేసి నిలబడిపోవాలి. ఆ మొండితనం మీదే ఓ మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. భయపడే కుక్క ఆ పని చెయ్యలేదు. నమ్మకం ఉన్న కుక్కే చేస్తుంది. ఆవిడ పేరు డొరతీ హారిసన్ యూస్టిస్. అంధులకి దారి చూపే కుక్కల్ని అమెరికాకి పరిచయం చేసింది ఈవిడే. ఆమె జీవితం చదువుతుంటే నాకు కుక్కల గురించి ఎంత తెలిసిందో, మనుషుల గురించీ అంత తెలిసింది.

పాడి నుంచి పుట్టిన ఆలోచన

డొరతీ 1886 మే 30న ఫిలడెల్ఫియాలో పుట్టింది. బాగా కలిగిన కుటుంబం. తండ్రి చార్లెస్ హారిసన్‌ది చక్కెర శుద్ధి చేసే వ్యాపారం. ఆ తర్వాత ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి అధిపతిగా చాలా ఏళ్ళు పనిచేశాడు. డొరతీ చదువు కొంత సొంతూళ్ళో, కొంత ఇంగ్లండ్‌లో సాగింది. 1906లో, ఇరవై ఏళ్ళ వయసులో వాల్టర్ వుడ్‌తో పెళ్ళయింది. ఆయన న్యూయార్క్ రాష్ట్ర సెనేటర్‌గా కూడా చేసిన మనిషి. హూసిక్ ఫాల్స్ అనే ఊళ్ళో కాపురం. ఇద్దరు మగపిల్లలు.

గొప్పింటి కోడలు కదా, విందులూ వినోదాలతో కాలక్షేపం చేసి ఉంటుందనుకుంటాం. కానీ ఈ దంపతులు అక్కడ పాడి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. మంచి లక్షణాలున్న పశువుల్ని ఏరి, వాటి సంతతిని పెంచితే పాడి బాగుపడుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. పడుతుందనే తేలింది. సరిగ్గా ఈ పాడి పశువుల దగ్గరే, తర్వాత కుక్కల దగ్గర పనికొచ్చిన ఆలోచన డొరతీకి దొరికింది. అందం చూసి కాదు, పనితనం చూసి జంతువుని ఎంచాలి!

ఆ ఇంట్లో హాన్స్ అని ఓ కుక్క ఉండేది. జర్మన్ షెపర్డ్. మనవాళ్ళు అల్సేషియన్ అంటారే, అదే. (మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మనీ పేరు పలకడం ఇష్టంలేక ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరది. ఆ పేరే మన దాకా వచ్చింది.) హాన్స్ తెలివితేటలు, విశ్వాసం డొరతీని ఎంతగా ఆకట్టుకున్నాయంటే, ఆ జాతి కుక్కలన్నీ ఇలా ఎందుకు ఉండటం లేదని ఆలోచనలో పడింది. అప్పటికే ఆ జాతిని చాలామంది కుక్కల ప్రదర్శనల కోసం, కప్పుల కోసం పెంచుతున్నారు. చూడటానికి రాజసంగానే ఉంటాయి. బుర్ర, నిబ్బరం మాత్రం తగ్గిపోతున్నాయి.

1915లో భర్త పోయాడు. డొరతీకి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ దుఃఖం దిగమింగుకుంది. 1921లో స్విట్జర్లాండ్ వెళ్ళి, వెవే పట్టణం పైనున్న మాంట్ పెలెరాన్ అనే కొండ మీద ఇల్లు తీసుకుంది. 1923లో జార్జ్ యూస్టిస్‌ని పెళ్ళాడింది. ఆ కొండ మీదే కుక్కల పెంపక కేంద్రం మొదలైంది. దాని పేరు ఫార్చునేట్ ఫీల్డ్స్.

చెవి సున్నితం... ఒళ్ళు సున్నితం

ఈ కేంద్రంలో డొరతీకి కుడిభుజంగా నిలిచినవాడు జాక్ హంఫ్రీ. అతనూ అమెరికన్‌వాడే. జంతువుల మనసు కనిపెట్టడంలో దిట్ట. పుట్టిన ప్రతి కుక్కపిల్లకీ ఇక్కడ లెక్క ఉండేది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, దేనికి బెదురుతుంది, దేన్ని త్వరగా నేర్చుకుంటుంది... అన్నీ రాసుకునేవాళ్ళు. ఆ లెక్కల ఆధారంగానే 1934లో హంఫ్రీ, లూసియన్ వార్నర్ కలిసి పనిచేసే కుక్కల మీద ఓ పుస్తకం తెచ్చారు.

ఆ పనిలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. కుక్కలన్నీ ఒకటి కాదని వాళ్ళు ముందే గుర్తించారు. కొన్నింటికి చెవి సున్నితం. గొంతు కాస్త పెంచినా ముడుచుకుపోతాయి. కొన్నింటికి ఒళ్ళు సున్నితం. పట్టీ కాస్త లాగినా చాలు, గాయపడినట్టే బాధపడతాయి. ఇంకొన్ని ఉంటాయి, మొద్దులు! ఎంత పిలిచినా, ఎంత లాగినా చీమ కుట్టినట్టయినా ఉండదు. కాబట్టి శిక్షకుడి గొంతు, చెయ్యి ముందు ఆ కుక్కకి సరిపోయేలా మారాలి. కుక్క మారడం ఆ తర్వాత సంగతి. ఇదంతా చదివాక, ఇద్దరు పిల్లల్ని ఒకే తీరులో పెంచబోయి తల పట్టుకునే తల్లులు ఎంతమంది గుర్తొచ్చారో నాకు!

అలాగని అక్కడ అంతా బుజ్జగింపులే అనుకోకండి. పొరపాటు చేస్తే పట్టీ లాగి వారించడం, గట్టిగా మందలించడం ఆ రోజుల్లో శిక్షణలో భాగమే. కానీ చేసిన పని సరిగ్గా ఉంటే వెంటనే మెచ్చుకోవాలి. ఒంటి మీద చెయ్యి వేసి, గొంతులో సంతోషం ధ్వనించేలా మెచ్చుకోవాలి. కుక్కకి అదే జీతం. ఈనాటి శిక్షకులు ఇంకా ముందుకు వెళ్ళారు. బెదిరింపు, నొప్పి అసలు వద్దు, మెప్పు, తిండి, ఆట బహుమతిగా ఇచ్చి నేర్పండి అని అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో స్పష్టంగా చెప్పింది. డొరతీ రోజులతో పోలిస్తే అది మెరుగైన దారే. అయితే ఆ దారికి మొదటి మెట్టు మాత్రం ఇలాంటి కొండల మీదే పడింది.

కుక్క మాట్లాడే భాష మనకి తెలియకపోవడం వల్లే సగం గొడవలు వస్తాయి. తోక ఊపితే సంతోషమనే అనుకుంటాం. ఒళ్ళంతా వదులుగా ఉండి, వెనక భాగమంతా ఊగేలా తోక ఊపితే సంతోషమే. ఒళ్ళు బిగుసుకుపోయి, తోక పైకెత్తి టకటకా ఆడిస్తుంటే మాత్రం దూరంగా ఉండమని అర్థం. నిద్ర రాకుండానే ఆవలించడం, ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, మొహం పక్కకి తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం... ఇవన్నీ నాకు ఇబ్బందిగా ఉంది, వదిలెయ్యండి అని మర్యాదగా చెప్పడమే. ఆ మర్యాద మనం అర్థం చేసుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే, ఈసారి ఆ హెచ్చరిక కూడా లేకుండా కరుస్తుంది. పసిపిల్లలు కుక్క మెడ చుట్టూ చేతులేసి కావలించుకుంటుంటే పెద్దవాళ్ళు ముచ్చటపడి ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలో కుక్క మొహం ఓసారి పరీక్షగా చూడండి, సంగతి తెలుస్తుంది.

మా వీధిలో ఓ నల్ల కుక్క ఉండేది. ఎవరు చెయ్యెత్తినా, చివరికి బట్టలు ఆరేయడానికి ఎత్తినా, కుయ్యోమంటూ పరిగెత్తేది. మా పక్కింటి మామ్మగారు రోజూ సాయంత్రం అదే వేళకి మెట్ల మీద కూర్చుని, అటు చూడకుండా, పిలవకుండా ఓ రొట్టె ముక్క పక్కన పెట్టి పువ్వులు కట్టుకుంటూ ఉండేవారు. ముక్క దూరం రోజురోజుకీ తగ్గింది. నెల దాటాక ఆ కుక్క తనంతట తనే వచ్చి ఆవిడ చీర కుచ్చెళ్ళ పక్కన పడుకుంది. మామ్మగారు డొరతీ పేరు విన్నవారు కాదు, కుక్కల పుస్తకం చూసినవారూ కాదు. తొందరపడకపోవడం ఒక్కటే ఆవిడకి తెలిసిన విద్య.

ఒక వ్యాసం, ఒక ఉత్తరం

ఫార్చునేట్ ఫీల్డ్స్ కుక్కలు పోలీసులకి, సైన్యానికి పనికొస్తూ మంచి పేరు తెచ్చుకున్నాయి. డొరతీ అక్కడితో ఆగిపోయి ఉంటే ఈవేళ మనం ఆమెని తలుచుకునేవాళ్ళం కాదేమో. అప్పటికే జర్మనీలో ఇంకో పని జరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులకి దారి చూపడానికి 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో కుక్కల శిక్షణ మొదలైంది. తర్వాత పాట్స్‌డాంలో పెద్ద స్కూలు వచ్చింది. డొరతీ ఆ స్కూలు చూడటానికి వెళ్ళింది. కుక్క పట్టీ పట్టుకున్న మరుక్షణం ఓ అంధుడి నడక మారిపోవడం, వంగిన వీపు నిటారుగా కావడం కళ్ళారా చూసింది.

ఆ చూసినదంతా వ్యాసంగా రాసింది. 1927 నవంబర్ 5న అమెరికాలోని సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. పేరు సీయింగ్ ఐ, అంటే చూసే కన్ను. బైబిల్లోంచి తీసుకున్న మాట అది.

టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఓ తండ్రి ఆ వ్యాసం కొడుక్కి చదివి వినిపించాడు. ఆ కొడుకు మోరిస్ ఫ్రాంక్. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆరేళ్ళప్పుడు చెట్టుకొమ్మ తగిలి ఒక కన్ను, పదహారేళ్ళప్పుడు బాక్సింగ్‌లో దెబ్బ తగిలి రెండో కన్ను పోయాయి. చదువుకుంటూ, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతూ ఉండేవాడు. ఎక్కడికి వెళ్ళాలన్నా డబ్బిచ్చి ఓ కుర్రాణ్ణి తోడు తీసుకెళ్ళాలి. ఆ కుర్రాడికి విసుగొస్తే ఇతని పని ఆగిపోవాల్సిందే. మోరిస్ వెంటనే డొరతీకి ఉత్తరం రాశాడు. తనకో కుక్కనివ్వమన్నాడు. తనకి నేర్పిస్తే తిరిగొచ్చి తనలాంటి మిగతావాళ్ళకీ దారి చూపిస్తానన్నాడు.

డొరతీ నిజానికి అప్పటిదాకా అంధుల కోసం ఒక్క కుక్కని కూడా తయారుచెయ్యలేదు! ఆమె రాసింది జర్మన్ స్కూలు గురించి. కాదని ఓ మర్యాద ఉత్తరం రాసేస్తే సరిపోయేది. కానీ ఆమె రమ్మంది. ఆ పద్ధతి నేర్చుకుని కుక్కల్ని సిద్ధం చేసే బాధ్యత హంఫ్రీ తీసుకున్నాడు.

1928 వసంతంలో మోరిస్ ఒంటరిగా ఓడెక్కాడు. దారి పొడుగునా అతన్ని మనిషిలా కాదు, ఓ పార్శిల్‌లా చూశారు. వేళకింత తిండిపెట్టడం, డెక్ మీద కాసేపు తిప్పడం, తిరిగి గదిలో పెట్టి తాళం వెయ్యడం. ఈ మాట చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. చూపు లేకపోవడం ఒక బాధ. ఎదుటివాళ్ళు మనల్ని సామానుగా లెక్కగట్టడం అంతకన్నా పెద్ద బాధ.

స్నేహం చేతులు మారిన రోజులు

మోరిస్‌కి ఇచ్చిన ఆడ కుక్క పేరు కిస్. నడిరోడ్డు మీద అలా కేకేసి పిలవడానికి సిగ్గేసి బడ్డీ అని మార్చేశాడు. అంటే నేస్తం.

ఈ శిక్షణలో అసలు కష్టం ఏమిటంటే, కుక్క అప్పటికే నేర్పిన శిక్షకుడికి ప్రాణం పెట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ ప్రేమ ఎవరో తెలియని కొత్త మనిషి మీదికి మళ్ళాలి. దాన్ని బలవంతంగా చెయ్యడానికి వీల్లేదు. అందుకే తిండి పెట్టడం, ఒళ్ళు దువ్వడం, బయటికి తిప్పడం, పక్కలో పడుకోబెట్టుకోవడం అన్నీ కొత్త మనిషే చెయ్యాలి. శిక్షకుడు అక్కడే ఉండి కూడా కుక్కని పలకరించకూడదు. చూడటానికి చిన్న విషయంగానే ఉంటుంది కానీ, నెలల తరబడి పెంచినవాడికి ఎంత కష్టమో! ఆడపిల్లని అత్తారింటికి పంపిన తల్లి గుమ్మంలో నిలబడి లోపలికి వెళ్ళకుండా ఉన్నట్టన్నమాట.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కుక్క మనిషిని ఊరంతా దానంతటదే తిప్పి ఇంటికి తీసుకురాదు. దారి తెలియాల్సింది మనిషికి. కుడికి, ఎడమకి, ముందుకి అని చెప్పేదీ అతనే. ట్రాఫిక్ లైట్ల రంగులు చూసి కుక్క నిర్ణయించదు. వాహనాల చప్పుడు విని ఎప్పుడు దాటాలో మనిషే నిర్ణయించుకోవాలి. కుక్క పని రోడ్డు అంచు రాగానే ఆగడం, గోతులూ స్తంభాలూ తప్పించడం, తల ఎత్తున వేలాడే కొమ్మల్నీ కనిపెట్టడం. కుక్క తనకి తాను కొమ్మ కింద నుంచి హాయిగా వెళ్ళిపోగలదు. కానీ పక్కన నడిచే మనిషి ఎత్తు కూడా తనదేనని అది తెలుసుకోవాలి! ఇది నేర్పడానికి శిక్షకులు కళ్ళకి గంతలు కట్టుకుని నడుస్తారు. ఇద్దరి మధ్యా ఉండే పిడి గట్టిగా ఉంటుంది, పట్టీలా మెత్తగా ఉండదు. కుక్క ఒళ్ళు ఏమాత్రం కదిలినా, ఆగినా మనిషి చేతికి వెంటనే తెలుస్తుంది.

వీటన్నిటికీ పైన మనం మొదట్లో చెప్పుకున్న మొండితనం. మనిషి ముందుకి అన్నాడు, ఎదురుగా బండి వస్తోంది. కుక్క కదలకూడదు. రోజంతా మాట వినమని నేర్పి, ఆ ఒక్క క్షణంలో వినొద్దని నేర్పడం ఎలాగో ఆలోచించండి. దెబ్బకి భయపడే కుక్క అయితే, బండి కన్నా యజమాని కోపానికే ఎక్కువ భయపడి ముందుకి నడిచేస్తుంది. ఇద్దరి ప్రాణాలూ పోతాయి. మెత్తని శిక్షణ అన్నది ఇక్కడ దయాదాక్షిణ్యాల మాట కాదు, అది లేకపోతే పనే జరగదు. స్విట్జర్లాండ్‌లో ఉన్నప్పుడే బెదిరిన గుర్రాలు మీదికి దూసుకొస్తుంటే బడ్డీ మోరిస్‌ని రోడ్డు పక్కన గట్టు మీదికి లాక్కెళ్ళి కాపాడింది.

ఆ ఊళ్ళో మోరిస్ ఓ రోజు బడ్డీతో ఒక్కడే వెళ్ళి క్షవరం చేయించుకుని వచ్చాడు. అంతకుముందు ఇంటి దగ్గరైతే ఎవరో తీసుకెళ్ళి దింపాలి, తిరిగి వాళ్ళు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. క్షవరమే కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. తనకి కావాల్సినప్పుడు బయల్దేరి, పని కాగానే ఇంటికి రావడం అతనికి ఆ రోజే తెలిసింది. గుమ్మం దాటాలంటే ఒకరి తోడు కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళకి ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు.

వెస్ట్ స్ట్రీట్ దాటిన బడ్డీ

1928 జూన్‌లో మోరిస్, బడ్డీ న్యూయార్క్‌లో దిగారు. విలేకరులు చుట్టుముట్టారు. ఒకరు వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించమన్నారు. కళ్ళున్నవాళ్ళకే గుండె దడదడలాడే వీధి అది. బడ్డీ ఆగుతూ, వెనక్కి తగ్గుతూ, వీలు చూసుకుని మళ్ళీ కదులుతూ అతన్ని అవతలికి చేర్చింది. సవాలు చేసిన విలేకరి మాత్రం టాక్సీ ఎక్కి దాటాడట! పని జయమైందని మోరిస్ డొరతీకి ఒకే ఒక్క మాటతో టెలిగ్రాం ఇచ్చాడు.

1929 జనవరి 29న నాష్‌విల్‌లో సీయింగ్ ఐ సంస్థ పుట్టింది. మొదటి తరగతిలో విద్యార్థులు ఇద్దరే. దక్షిణాది ఎండలు శిక్షణకి అడ్డమవడంతో 1931లో న్యూజెర్సీకి మారింది. ఆ ఏడాదే డొరతీ సాయం ఇంకో దేశం చేరింది. ఇంగ్లండ్‌లో మ్యూరియల్ క్రుక్, రోసమండ్ బాండ్ అనే ఇద్దరు మహిళలు ఆమెని సంప్రదిస్తే, డొరతీ తన దగ్గరి శిక్షకుణ్ణి పంపింది. వాళ్ళు వాలసీ అనే ఊళ్ళో అద్దెకి తీసుకున్న చోట జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా అనే నాలుగు కుక్కలు నలుగురు అంధులకి తోడయ్యాయి. బ్రిటన్‌లో గైడ్ డాగ్స్ కథ అక్కడే మొదలు.

ఈలోగా డొరతీ సొంత జీవితం ఒడిదుడుకుల్లో పడింది. బడ్డీ న్యూయార్క్‌లో జయించిన ఏడాదే, 1928లో, రెండో పెళ్ళి విడాకులతో ముగిసింది. దాని గురించి ఆమె ఎక్కడా పెద్దగా చెప్పుకున్నట్టు కనపడదు. ఆస్తిలో చాలా భాగం సంస్థకే పెట్టింది. 1940 దాకా అధ్యక్షురాలిగా ఉంది.

డబ్బు విషయంలో ఆమె చూపు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. విద్యార్థుల దగ్గర నూట యాభై డాలర్లు తీసుకునేవాళ్ళు. ఒక కుక్కని తయారుచెయ్యడానికి అయ్యే ఖర్చులో అది చిన్న భాగం. మొత్తం ఉచితంగా ఇవ్వొచ్చు కదా? ఇవ్వొచ్చు. కానీ అప్పుడది దానం అవుతుంది. ఈ కుక్కని నేను కొనుక్కున్నాను, ఇది నాది అని అతను తలెత్తుకుని అనగలగాలి. వాయిదాల్లో కట్టినా సరే, కట్టాలి. దయ చూపిస్తున్నామంటూ అవతలి మనిషిని చిన్నబుచ్చే దాతలు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో చూస్తున్నాం కాబట్టి, ఆ చిన్న రుసుము వెనకున్న పెద్దమనసు నాకు బాగా అర్థమైంది.

బడ్డీ 1938 మేలో చనిపోయింది. పదేళ్ళపాటు అమెరికా అంతా తిరిగింది. కుక్కల్ని లోపలికి రానివ్వమన్న హోటళ్ళ తలుపులు, రైలు పెట్టెల తలుపులు దాని వెనకే తెరుచుకున్నాయి. మోరిస్ ఆ తర్వాత తెచ్చుకున్న ప్రతి కుక్కకీ బడ్డీ అనే పేరు పెట్టాడు. అతను 1980 దాకా బతికాడు.

డొరతీ 1946 సెప్టెంబర్ 8న న్యూయార్క్‌లో కన్నుమూసింది. అప్పటికి అరవై ఏళ్ళు. అమెరికా జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఆమె పేరు చేరింది మాత్రం 2011లో. సీయింగ్ ఐ ఇప్పటిదాకా పదిహేడు వేలకి పైగా కుక్కల్ని మనుషులకి జతచేసింది. మొదటిసారి కుక్కని తీసుకునే విద్యార్థి కట్టే రుసుము ఇవాళ్టికీ నూట యాభై డాలర్లే.